గుణదలలో కొబ్బరికాయ కొట్టడం, తలనీలాలు ఇవ్వడం క్రైస్తవంలో ఉన్నాయా?

“మేము హిందువులం, బాబు పుట్టువెంట్రుకలు విజయవాడ గుణదల మరియమాత కొండ దగ్గర తీయిస్తానని మా అత్తగారు మొక్కుకున్నారు, ఇవన్నీ క్రైస్తవంలో ఉన్నాయా, అక్కడి గురువులు ఏమైనా అంటారా?” అని మీరు అడిగారు. నేను గుంటూరు జిల్లాలోని ఒక పాత ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) కుటుంబంలో పుట్టినవాణ్ని, నా పుట్టువెంట్రుకలు కూడా అక్కడే తీయించారు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.

అయితే తిరుసభ, అంటే కతోలిక సంఘం, పూజావిధిలో కొబ్బరికాయకు గానీ తలనీలాలకు గానీ చోటు లేదు. 1924లో ఫాదర్ అర్లాటి అనే ఇటలీ గురువు గుణదలలో మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఫిబ్రవరి 11న జరిగే పండుగ లూర్దు మాతది, అంటే ఫ్రాన్సులోని లూర్దులో దర్శనమిచ్చిందని నమ్మే మరియమాతది. ఆ పండుగను మనవాళ్ళు తమకు తెలిసిన పద్ధతిలో, అంటే తిరునాళ్ళలాగా, జరుపుకుంటున్నారు. ఇవి హిందూ భక్తులు తెచ్చిన అలవాట్లని కొందరు అంటారు గానీ, ఆ మాట నేను ఒప్పుకోను. మా ఇళ్ళలో తాళిబొట్టు మీద సిలువ ఉంటుంది, పెళ్ళిలో అక్షతలు వేస్తాం, మొక్కుబడులు మాకూ ఉన్నాయి.

కొబ్బరికాయ మీద తగాదా చాలా పాతది. 1703లో రోము ప్రతినిధిగా పుదుచ్చేరికి వచ్చిన దె తూర్నోన్, 1704లో క్రైస్తవుల పెళ్ళిళ్ళలో శకునం చూడడానికి కొబ్బరికాయ కొట్టకూడదని, తాళి మీద వినాయకుని రూపు ఉండకూడదని, కావాలంటే సిలువనో మరియమాత రూపాన్నో ఉంచుకోవచ్చని ఆజ్ఞ జారీచేశారు. 1744లో పోపు పద్నాలుగవ బెనెడిక్టు ఈ నిషేధాలను ఖాయం చేశారు. తర్వాత గాలి మారింది: 1969 నుంచి భారతదేశంలో పూజలో హారతి ఇవ్వడానికి రోమే అనుమతించింది, 2001లో వాటికన్ వెలువరించిన మార్గదర్శకాలు కూడా ప్రజల భక్తిని చులకన చేయవద్దని, దాన్ని శుద్ధిచేస్తూ దివ్యబలి పూజతో, అంటే గుడిలో గురువు జరిపే అధికారిక పూజతో, కలిపివేయకుండా చూడమని చెబుతున్నాయి.

దె తూర్నోన్ భయం ఉత్తదేమీ కాదు. నా చిన్నతనంలో ఒకసారి గుణదలలో మా నాయనమ్మ కొట్టిన కాయ కుళ్ళింది. ఆవిడ ముఖం పాలిపోయింది. ఎవరితోనూ మాట్లాడకుండా కొంగుముడి విప్పి, మరో కాయ కొనుక్కొచ్చి కొట్టి, తెల్లటి చిప్పలు చూశాకగానీ జపమాల తీయలేదు. వెంట వచ్చిన మా ఊరి ఉపదేశి (మతబోధ చేసే ఆయన) చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కాయను మాతకు కానుకగా ఇవ్వడం వేరు, కాయలో జాతకం వెతకడం వేరు. నాకు మొదటిదానిలో తప్పు కనిపించదు.

మీరు గుర్తుంచుకోవలసినది ఒక్కటే. పూజలో దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా మేము స్వీకరించే అప్పం) పంచేటప్పుడు, జ్ఞానస్నానం పొందిన కతోలికులు మాత్రమే అందుకోవాలి కాబట్టి, తిరుపతి లడ్డూ అనుకుని వరుసలో నిలబడకండి. ఉత్సవాలు జరిగే ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో కాకుండా మామూలు రోజున వెళ్ళండి. కొండ ఎక్కేటప్పుడు కొవ్వొత్తుల మైనం కారిన చోట కాలు జారుతుంది, బాబును మీ అత్తగారికి ఇవ్వకుండా మీరే ఎత్తుకోండి.