ఒంటరి క్లౌన్‌ఫిష్ ఉన్న రీఫ్ ట్యాంకులోకి రెండోదాన్ని వదలాలంటే

రెండేళ్లుగా మీ రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, ఒకటే ఒసెల్లారిస్ జాతి క్లౌన్‌ఫిష్ ఉంది, హ్యామర్ కోరల్ అనే మెత్తటి తంతువుల పగడంలో కాపురం పెట్టింది, ఇప్పుడు దానికి జత తేవాలనుకుంటున్నారు. పాతది కొడుతుందేమోనని భయం కాబట్టి, తట్టుకునేలా కాస్త పెద్ద చేపనే తెస్తే ఎలా ఉంటుందని అడిగారు. జత తేవచ్చండి, కానీ పెద్దది మాత్రం వద్దు. చిన్నది తెండి. రెండూ పక్కపక్కన ఈదుతుంటే ఏది పెద్దదో ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసిపోవాలి.

క్లౌన్‌ఫిష్‌లలో ఏదీ ఆడదిగా పుట్టదు. గుంపులో అన్నిటికన్నా పెద్దదై పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది, దాని తర్వాతిది మగది అవుతుంది, మిగతావి ఎదగకుండా పిల్లలుగానే ఉండిపోతాయి. ఆడది చనిపోతే మగది ఆడదవుతుంది, పిల్లల్లో పెద్దది మగదాని స్థానానికి వస్తుంది. హాన్స్ ఫ్రికే, సిమోన్ ఫ్రికే దీని గురించి 1977లో ‘నేచర్’ పత్రికలో రాశారు. ఒకసారి ఆడదయ్యాక మళ్లీ మగదిగా మారడం ఉండదు. మీ చేప రెండేళ్లుగా అణిచేవాళ్లు లేకుండా ఒంటరిగా పెరిగింది కాబట్టి దాదాపుగా అది ఆడదే అనుకోండి. దుకాణంలో అంతకన్నా పెద్దగా కనిపించే చేప కూడా ఇప్పటికే ఆడదయ్యే అవకాశం ఎక్కువ. ఇద్దరు ఆడవాళ్లలో ఎవరూ తగ్గరు. అద్దాల పెట్టెలో ఓడినదానికి పారిపోయే చోటు ఉండదు, అందుకే ఇలాంటి పోరు సాధారణంగా ఒకటి చచ్చేదాకా సాగుతుంది.

చిన్నదైతే దానికి తన స్థానం తెలుసు. పీటర్ బస్టన్ పాపువా న్యూ గినీలో ఒసెల్లారిస్‌కి దగ్గరి చుట్టమైన పెర్క్యులా క్లౌన్‌ఫిష్‌లను గమనించి 2003లో ఒక సంగతి చెప్పాడు: కింది వరసలో ఉన్న చేప, పైదాన్ని సవాలు చేసినట్టు కనిపించకుండా తన ఎదుగుదలనే అదుపులో పెట్టుకుంటుంది. అంటే సైజు తేడానే వాటి మధ్య ఒప్పందం. నా అంచనాలో కొత్తది పాతదానిలో సగం నుంచి మూడింట రెండొంతుల దాకా ఉంటే చాలు. మరీ పిల్లచేప అయితే నీరు బయటికి పొర్లే ఓవర్‌ఫ్లో పళ్ల సందుల్లోంచి సంప్‌లోకి (కిందనుండే ఫిల్టర్ తొట్టిలోకి) జారిపోవచ్చు, తిండి దగ్గర కూడా దానికి మిగిలేది తక్కువ.

జాతి కూడా అదే ఉండాలి. నల్ల ఒసెల్లారిస్, స్నోఫ్లేక్ లాంటివి రంగులు వేరైనా ఒసెల్లారిస్‌లే, ఇబ్బంది లేదు. మెరూన్, టొమాటో, క్లార్కీ రకాలను దీని పక్కన పెట్టకండి, అవి వేరే లెవెల్ రౌడీలు. వీలుంటే సముద్రంలో పట్టినది కాకుండా ట్యాంకులో పుట్టి పెరిగిన చేపనే తీసుకోండి. తిండి త్వరగా అలవాటు పడుతుంది, రోగాలు మోసుకొచ్చే అవకాశమూ తక్కువ.

అందరూ కొట్లాట గురించే భయపడతారు గానీ, నా దృష్టిలో అసలు ప్రమాదం క్వారంటైన్ ఎగ్గొట్టడం. క్లౌన్‌ఫిష్‌లను ఎక్కువగా బలిగొనేది బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి. ఒంటిమీద తెల్లటి జిగురు పొర కట్టి, చర్మం పొరలుగా ఊడి, చేప గబగబా ఊపిరి తీస్తుంటుంది; కొద్ది రోజుల్లోనే పోతుంది. దీనికి కాపర్ మందు పనిచేయదు, ఫార్మలిన్ మందు కావాలి. వెల్వెట్, ఇచ్ అనే వేరే పరాన్నజీవి రోగాలకి కాపర్ పనిచేస్తుంది గానీ దాన్ని రీఫ్ ట్యాంకులో వేయలేం, కోరల్స్, నత్తలు, రొయ్యలు అన్నీ పోతాయి. పైగా ఇచ్ ఒకసారి మెయిన్ ట్యాంకులోకి వచ్చిందంటే చేపలన్నిటినీ బయటికి తీసి, ట్యాంకును వారాల తరబడి చేపల్లేకుండా ఖాళీగా ఉంచాల్సిందే. రాళ్లకు కోరల్స్ అతుక్కుని పెరిగిన ట్యాంకులో ఒక్క చేపని పట్టడమే ఎంత నరకమో మీకు తెలుసు. కాబట్టి కనీసం నాలుగు వారాలు విడిగా ఉంచండి. చిన్న ట్యాంకు, హీటర్, స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి ఒక పైపు ముక్క సరిపోతాయి. స్పాంజ్‌ని ముందే మీ సంప్‌లో వేసి ఉంచితే బాక్టీరియా పట్టి, అమ్మోనియా గొడవ తగ్గుతుంది.

ఇక్కడే ఇంకో మాట. దుకాణాల్లో నీటి సాలినిటీ (ఉప్పదనం) మన రీఫ్ కంటే తక్కువగా ఉంచడం మామూలే. క్వారంటైన్ ట్యాంకును ముందే సంచిలోని నీటికి సరిపడా కలిపి పెట్టుకుని, ఉష్ణోగ్రత సమానం కాగానే చేపని అందులోకి మార్చేయండి. తర్వాత కొన్ని రోజుల్లో మెల్లగా రీఫ్ నీటి సాంద్రత కొలత 1.025కి తెచ్చుకోవచ్చు. చాలాసేపు సంచిలో ప్రయాణం చేసిన చేపకి గంటల తరబడి డ్రిప్ పెట్టడం, అంటే సంచిలోకి ట్యాంకు నీటిని చుక్కచుక్కగా కలపడం, మంచిది కాదు. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, దాంతో లోపల పోగైన అమ్మోనియా విషంగా మారుతుంది.

ఇక మెయిన్ ట్యాంకులోకి. నేను కొత్తదాన్ని రంధ్రాలున్న అక్లిమేషన్ బాక్సులో (కొత్త చేపని అలవాటు చేసే పారదర్శక పెట్టెలో) పెట్టి ట్యాంకు గోడకి తగిలించాను. పాతది దాన్ని చూడగలగాలి, కానీ బాక్సు దాని కోరల్ నెత్తిమీద ఉండకూడదు, అలా పెడితే పరాయిది ఇంట్లోకే వచ్చినట్టవుతుంది. మా ఆడది మొదట బాక్సుని ముక్కుతో గుద్దింది, చుట్టూ తిరిగింది, అద్దం దగ్గర చెవి పెడితే టకటకమని చప్పుడు కూడా వినిపించింది. క్లౌన్‌ఫిష్‌లు దవడలు వేగంగా మూసి పళ్లు తగిలించి చేసే చప్పుడది. కొన్ని రోజులకి గుద్దడం తగ్గి, తిండి వేసినప్పుడు మాత్రమే ఇటు వచ్చేది. వదలడానికి నేను చూసుకున్న గుర్తు అదే, క్యాలెండర్ కాదు. రాళ్లు జరిపి సరిహద్దులు చెరిపేయమని చాలామంది చెబుతారు. కుదురుకున్న రీఫ్‌లో ఆ పని నాకు నచ్చదు. ఒక చేప కోసం కోరల్స్ అన్నిటినీ కుదిపినట్టవుతుంది.

సాయంత్రం పాతదానికి కడుపునిండా తిండి పెట్టి, లైట్లు ఆపాక బాక్సు తెరిచాను. తెల్లారి లైట్లు వెలిగాక అసలు తతంగం మొదలైంది. ఆడది తరుముతుంది, తోక కొరుకుతుంది. చిన్నది ఒళ్లంతా వణికించి, పక్కకి ఒరిగి, ఒక్కోసారి పొట్ట చూపిస్తూ వాలిపోతుంది. ఇది చూసి చేపకి ఏదో ఫిట్స్ వచ్చిందని కంగారుపడి వల పట్టుకొచ్చేవాళ్లని చాలామందిని చూశాను. అది జబ్బు కాదండి, కొత్తకోడలు అత్తగారి ముందు తలొంచినట్టు లొంగుబాటు తెలియజేయడం. వణుకు కనిపించిందంటే మీ పని సగం అయిపోయినట్టే. ఆ సమయంలో విడదీస్తే, తిరిగి కలిపినప్పుడు కథ మళ్లీ మొదటికి వస్తుంది.

రాత్రిపూట చిన్నది కోరల్ దగ్గరికి రాకుండా పైన మూలలో పడుకోవడం కూడా మొదట్లో మామూలే. రెక్కల అంచులు కాస్త చిరిగినా వాటంతటవే మానతాయి.

అయితే చేయి పెట్టాల్సిన పరిస్థితులూ ఉన్నాయి. చిన్నది వణకకుండా ఎదురు తిరుగుతోంది, రెండూ దవడలు కలిపి పట్టుకుని గింజుకుంటున్నాయి అంటే అక్కడ లొంగుబాటు లేదు, పోటీ ఉంది. రెక్కలు మొదలు దాకా చిరిగిపోవడం, ఒంటిమీద పుండ్లు, పగలంతా నీటి పైభాగంలో మూలకి నక్కి తిండికి కూడా రాకపోవడం – వీటిలో ఏది కనిపించినా ఆగకండి. అప్పుడు చాలామంది చిన్నదాన్ని మళ్లీ బాక్సులో పెడతారు. నేనైతే పాతదాన్ని పెడతాను. దాన్ని ఒకటి రెండు రోజులు బాక్సులో ఉంచితే, కొత్తది ట్యాంకంతా తిరిగి సందులు గొందులు నేర్చుకుంటుంది, దొరతనం చేసేదానికి పట్టు కొంచెం సడలుతుంది. పట్టడం కష్టమే, కానీ తిండి వేసేటప్పుడు బాక్సు తలుపు తెరిచి ఉంచితే తిండిపోతులు కాబట్టి వాటంతటవే దూరతాయి.

జత కుదిరిందనడానికి నాకు నమ్మకమైన గుర్తు, రాత్రి రెండూ ఒకే హ్యామర్‌లో పడుకోవడం. అది వారంలో జరగొచ్చు, నెలలు పట్టొచ్చు. పగలు కలిసి తిరిగి, రాత్రి విడిగా పడుకునే దశ మధ్యలో చాలాకాలం నడవచ్చు, దాన్ని చూసి నిరాశపడక్కర్లేదు. సముద్రంలో క్లౌన్‌ఫిష్‌లు ఆశ్రయం పొందే ఎనిమోన్ అనే జీవి మీ ట్యాంకులో లేదని దిగులు కూడా వద్దు, జత కుదరడానికి అది అవసరం లేదు. ఒక ముందస్తు హెచ్చరిక: జత కుదిరాక కొన్నాళ్లకి కోరల్ పక్కనున్న రాయిని రెండూ నోటితో గీకి శుభ్రం చేయడం కనిపిస్తే గుడ్లు రాబోతున్నాయని అర్థం. అప్పటినుంచి ట్యాంకులో చేయి పెట్టినప్పుడల్లా మీ ఆడది మిమ్మల్ని కరుస్తుంది. రక్తం రాదు గానీ ఉలిక్కిపడి కోరల్‌ని విరగ్గొట్టేది మనమే, కాబట్టి గ్లోవ్స్ వేసుకోండి.

ఎంత చేసినా కుదరకపోతే పాతదాన్ని తీసేయాలని అనుకోకండి. కొత్తదాన్ని దుకాణానికి తిరిగిచ్చి, ఇంకా చిన్నదాన్ని తెచ్చుకోండి. తిరిగి తీసుకుంటారో లేదో కొనేముందే అడిగి పెట్టుకోండి. ఒక్క సంగతి: ఒకేసారి రెండు చిన్నవి తెచ్చి “ఏదో ఒకటి కుదురుతుందిలే” అనుకోవడం మీ ట్యాంకులో పనిచేయదు. ఆడది ఒకదాన్ని ఎంచుకున్నాక మూడోదాన్ని ఆ రెండూ కలిసి తరుముతాయి.