సర్వర్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లు మార్చబోయే తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

లినక్స్ సర్వర్‌కు స్థిరమైన ఐపీ అడ్రస్ పెట్టే పని నీకు అప్పగించారని రాశావు. రాయాల్సింది నాలుగైదు లైన్లే అయినా, దూరాన ఉన్న యంత్రంలోకి నువ్వు ఏ దారిన లాగిన్ అయ్యావో ఆ దారినే తవ్వి మళ్లీ వేస్తున్నావన్న సంగతి పని ముగిసేదాకా గుర్తుండాలి. అందుకని, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే మార్గం) తెగిపోతే లోపలికి వెళ్లడానికి మరో మార్గం ఉందో లేదో ముందే చూసుకో. వర్చువల్ మెషీన్‌కైతే కన్సోల్ (నెట్‌వర్క్ తెగినా దాని తెరను చూపే కిటికీ) ఉంటుంది, విడి యంత్రానికి ఐపీఎంఐ (యంత్రాన్ని దూరం నుంచి నడిపే విడి హార్డ్‌వేర్ మార్గం) ఉండవచ్చు. అవి ఉన్నాయని వినడం చాలదు, ఒకసారి వాటి ద్వారా లాగిన్ అయి పాస్‌వర్డ్ పనిచేస్తోందని నిర్ధారించుకో.

ఆ తర్వాత ‘ఐపీ అడ్రస్ షో’, ‘ఐపీ రూట్ షో’ కమాండ్లు ఇచ్చి, వచ్చినదంతా సర్వర్‌లో కాకుండా నీ దగ్గర దాచుకో. ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ కార్డు) పేరు అన్ని యంత్రాల్లోనూ ‘ఈటీహెచ్0’ అని ఉండదు. తెరమీద కనిపించిన పేరునే అక్షరం పొల్లుపోకుండా వాడు. పేరు పక్కన ‘నో క్యారియర్’ అని ఉంటే కేబుల్ సంగతో స్విచ్ పోర్టు సంగతో ముందు తేలాలి, అడ్రస్ మార్చి లాభం లేదు.

అడ్రస్ చివర గీత తర్వాత వచ్చే అంకె దగ్గర చాలామంది తడబడతారు. నీకు 192.168.10.25/24 ఇచ్చారనుకో. 24 అంటే 192.168.10 వరకు నెట్‌వర్క్ భాగం, అందులో 254 అడ్రస్‌లు యంత్రాలకు ఇవ్వవచ్చు, 192.168.10.1 వద్ద ఉన్న గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌లకు దారి చూపే రూటర్) ఆ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. అదే 24 బదులు పొరపాటున 28 అని రాస్తే, నీ సర్వర్ దృష్టిలో దాని నెట్‌వర్క్ 16 నుంచి 31 వరకే కుదించుకుపోతుంది. గేట్‌వే ఆ హద్దుకు బయట పడుతుంది కాబట్టి దాని మీదుగా రూట్ (దారి) వేయబోతే కెర్నెల్ (లినక్స్ మూల భాగం) ఒప్పుకోదు. అడ్రస్ సరిగ్గానే ఉంది కదా అని మనం ఆ అంకె వైపు చూడం, గంటలు గడిచిపోతాయి. ఇచ్చిన అడ్రస్ డీహెచ్‌సీపీ (అడ్రస్‌లను తనంతట తానే ఇచ్చే ఏర్పాటు) పంచే వరుసలో లేదని కూడా అడిగి తెలుసుకో. పింగ్‌కు (అక్కడ ఉన్నావా అని పలకరించే కమాండ్‌కు) జవాబు రానంత మాత్రాన అడ్రస్ ఖాళీ అనుకోకు, ఫైర్‌వాల్ ఆపుతూ ఉండవచ్చు. ఒకే నెట్‌వర్క్‌లో ‘ఏఆర్‌పింగ్’ (ఆ అడ్రస్ ఎవరిదని నేరుగా అడిగే కమాండ్) ఇంతకంటే నమ్మదగినది.

‘ఐపీ’ కమాండ్‌తో చేసిన మార్పు ఆ క్షణంలోనే పనిచేస్తుంది గానీ మెమరీలోనే ఉంటుంది, ఫైల్లోకి ఎక్కదు. నా తొలి రోజుల్లో ఒక సర్వర్‌కు ఇలాగే ఒక రూట్ కలిపి, పని జరిగింది కదా అని వదిలేశాను. నెలల తర్వాత కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ సర్వర్ పాత రూట్‌లతో లేచింది. అప్పటికి ఆ రూట్ ఎందుకు కలిపామో నాతో సహా ఎవరికీ గుర్తులేదు, ఆ రాత్రంతా వెతికాము. ఆనాటి నుంచి మార్పు ఫైల్లో ఉందని కళ్లారా చూడనిదే నేను పని ముగిసిందనుకోను.

ఉబుంటు సర్వర్‌లో ఆ ఫైలు ‘ఈటీసీ’ కింద ‘నెట్‌ప్లాన్’ ఫోల్డర్‌లో ఉంటుంది. అది యామల్ (సెట్టింగ్‌లు రాసే ఒక పద్ధతి) ఫైలు కనుక లైన్ల మొదట్లోని జరుపులన్నీ స్పేస్‌లతోనే ఉండాలి, ట్యాబ్ పనికిరాదు. సవరించాక నేరుగా ‘నెట్‌ప్లాన్ అప్లై’ కొట్టకుండా ‘నెట్‌ప్లాన్ ట్రై’ వాడు. 120 సెకన్లలో నువ్వు ఎంటర్ నొక్కకపోతే అది పాత సెట్టింగ్‌లకు తిరిగిపోతుంది. అయితే నువ్వు లాగిన్ అయిన అడ్రస్‌నే మారిస్తే సెషన్ తెగి, మార్పు సరైనదే అయినా ఎంటర్ నొక్కే వీలుండదు. కాబట్టి పాత, కొత్త అడ్రస్‌లు రెండూ ఒకే నెట్‌వర్క్‌లోవైతే కొత్త అడ్రస్‌ను పాతదాని పక్కనే చేర్చి, కొత్తదాని ద్వారా వేరే టెర్మినల్ నుంచి లాగిన్ అయి చూసి, ఆ తర్వాతే పాతదాన్ని తీసెయ్. ఫైలు పేరులో ‘క్లౌడ్ ఇనిట్’ (సర్వర్ మొదలయ్యేటప్పుడు సెట్టింగ్‌లు రాసే ప్రోగ్రామ్) అని ఉంటే నువ్వు రాసినదాన్ని అది తిరగరాయవచ్చు. నెట్‌వర్క్ జోలికి రావద్దని దాని సెట్టింగ్‌లలోనే ముందు చెప్పాలి.

రెడ్ హ్యాట్ తరహా సర్వర్లలో ‘ఎన్ఎంసీఎల్ఐ’ అనే నెట్‌వర్క్ కమాండ్ వాడతారు. అక్కడ ‘మాడిఫై’తో చేసిన మార్పు డిస్క్‌లో భద్రమవుతుంది గానీ, కనెక్షన్‌ను మళ్లీ ‘అప్’ చేస్తే గానీ అమల్లోకి రాదు.

డీఎన్ఎస్ (పేర్లను ఐపీ అడ్రస్‌లుగా మార్చే ఏర్పాటు) కోసం ‘రిజాల్వ్ డాట్ కాన్ఫ్’ ఫైలును చేత్తో దిద్దకు. అందులో 127.0.0.53 కనిపిస్తే దాన్ని సిస్టమ్‌డీ (సర్వర్ సేవలను నడిపే ప్రోగ్రామ్) నడుపుతోందని అర్థం, నీ దిద్దుబాటు నిలవదు. నేమ్ సర్వర్లను నెట్‌ప్లాన్ ఫైల్లోనే రాసి ‘రిజాల్వ్ సీటీఎల్ స్టేటస్’తో సరిచూడు. పరీక్షించేటప్పుడు ముందు గేట్‌వేను, తర్వాత 1.1.1.1 లాంటి బయటి అడ్రస్‌ను పింగ్ చేసి, చివరికి ఒక పేరుతో ప్రయత్నించు. మొదటి రెండూ పలికి పేరు ఒక్కటే పలకకపోతే డీఎన్ఎస్ తప్ప మరేదీ ముట్టుకోవద్దు.

అన్నీ కుదిరాక, సర్వర్ వాడేవాళ్లతో సమయం మాట్లాడుకుని ఒకసారి రీబూట్ చెయ్. అది లేచాక ‘ఐపీ రూట్ షో’ ఏం చూపించిందో, మొదట దాచుకున్నదానికీ దీనికీ తేడా ఏమిటో నాకు రాయి.

ఇట్లు,
మీ అన్నయ్య