ఫైబర్‌లో సిగ్నల్ నష్టం తగ్గించే పని కెమికల్ వాళ్లకూ ఉంది

ప్రశ్న: కెమికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. ఆప్టికల్ ఫైబర్ తయారీలో సిగ్నల్ నష్టం తగ్గించే పనిలో చేరాలని ఉంది. అది ఎలక్ట్రానిక్స్ వాళ్ల రంగమని స్నేహితులు అంటున్నారు. నష్టం ఇప్పటికే తగ్గాల్సినంత తగ్గింది, ఇక చేయడానికేముందని ఒక సీనియర్ అన్నారు. నేను ముందుకెళ్లవచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లవచ్చు. ఫైబర్ రెండు చివర్లా ఉండే లేజర్లు, రిసీవర్లు ఎలక్ట్రానిక్స్ వాళ్లవి. మధ్యలో ఉన్న గాజు మాత్రం మీ బ్రాంచి వాళ్లకు, మెటీరియల్స్ చదివినవాళ్లకు దగ్గరి విషయం.

ఈ రంగం చరిత్ర చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది. 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ ఒక పరిశోధన పత్రం రాశారు. నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెల్స్‌కు దించగలిగితే గాజు పోగు టెలిఫోన్ లైన్లకు పనికొస్తుందని అందులో లెక్కకట్టారు. అప్పటి గాజులో నష్టం దాదాపు 1000 డెసిబెల్స్. దోషం గాజుది కాదు, అందులోని మలినాలదని కావో పట్టుబట్టారు. 1970లో కార్నింగ్ కంపెనీలో మౌరర్, కెక్, షుల్జ్ ఆ 20 గీతను దాటారు. ఆ ముగ్గురిలో షుల్జ్ చదివింది సిరామిక్స్. 1979 నాటికి జపాన్‌లో 1550 నానోమీటర్ల కాంతికి నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెల్స్‌కు దిగింది. 20 డెసిబెల్స్ నష్టమంటే వెలుగులో నూటికి ఒక వంతే మిగులుతుంది. 1970లో ఒక్క కిలోమీటరులో జరిగిన ఆ నష్టం, 0.2 ఫైబర్‌లో 100 కిలోమీటర్లు పోతేగానీ జరగదు.

ఇది సాధ్యమైంది మీరు రెండో ఏడాదిలో చదివిన డిస్టిలేషన్ సూత్రం వల్లే. గాజును కరిగించి శుద్ధి చేయడం మానేసి, సిలికాన్ టెట్రాక్లోరైడ్ ఆవిరి నుంచి తయారు చేయడం మొదలుపెట్టారు. అది 58 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కాంతిని మింగే ఇనుము క్లోరైడ్ మరగాలంటే 300 డిగ్రీలు దాటాలి. కాబట్టి ఆవిరి పైకి వస్తే ఇనుము కిందే ఉండిపోతుంది. ఆ తర్వాతి శత్రువు నీరు. నీటి నుంచి వచ్చి గాజులో చిక్కుకున్న హైడ్రాక్సిల్ 1383 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చేస్తుంది. అందుకే మంటలో పేర్చిన తెల్లటి సూట్‌ను (గాజు పొడిని) గట్టి గాజుగా మార్చేముందు వేడి మీద క్లోరిన్ పంపి తేమను లాగేస్తారు. క్లోరిన్ ఎంత, ఏ వేడి దగ్గర, ఎంతసేపు? ఇదంతా రియాక్షన్ ఇంజినీరింగే.

ఇక మీ సీనియర్ మాట. అందులో సగం నిజం ఉంది. మలినాల పని చాలావరకు పూర్తయింది. ఇప్పుడు మిగిలిన నష్టంలో పెద్ద వాటా రేలీ స్కాటరింగ్‌ది. వేడి గాజు గడ్డకట్టేటప్పుడు అందులో సాంద్రత తేడాలు అలాగే నిలిచిపోయి కాంతిని చెదరగొడతాయి. డ్రాయింగ్ టవర్‌లో ప్రీఫామ్‌ను (పోగు లాగడానికి ముందు తయారుచేసే లావాటి గాజు కడ్డీని) సుమారు 2000 డిగ్రీల వేడిలో 125 మైక్రాన్ల పోగుగా లాగుతారు. ఆ పోగును నెమ్మదిగా చల్లారిస్తే చెదరడం తగ్గుతుంది. కానీ ప్రొడక్షన్ వాళ్లకు వేగం కావాలి! ఉద్యోగంలో మీరు రోజూ నలిగేది ఈ లాగులాటలోనే. ఇంకో దారి, వెలుగు నడిచే నడిమి భాగమైన కోర్‌లో జెర్మేనియం వాడకుండా స్వచ్ఛమైన సిలికా ఉంచి, బయటి క్లాడింగ్‌కు ఫ్లోరిన్ కలపడం. దీనిలో చిక్కు ఏమిటంటే, రెండు పొరల చిక్కదనం వేరవుతుంది, లాగేటప్పుడు కోర్ మీద ఒత్తిడి పడుతుంది. అయినా జపాన్‌కు చెందిన సుమిటోమో కంపెనీ ఈ దారిలోనే 2017లో నష్టాన్ని 0.1419 డెసిబెల్స్‌కు దించింది.

0.20 నుంచి 0.17కు తగ్గితే ఏం ఒరుగుతుందని అనిపించవచ్చు. 100 కిలోమీటర్లకు ఆ తేడా 3 డెసిబెల్స్, అంటే అవతలికి చేరే వెలుగు రెట్టింపు. సముద్రం అడుగున వేసే కేబుల్‌లో ఆ తేడా వల్ల యాంప్లిఫయర్లను దూరం దూరంగా పెట్టుకోవచ్చు. గాజులో కాకుండా గాలిలో వెలుగును నడిపే హాలో కోర్ ఫైబర్‌తో సౌతాంప్టన్, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2025లో 0.091కు దిగారు. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే అటు చూడండి. ఫ్యాక్టరీలోనే ఉండాలనుకుంటే మామూలు ఫైబర్‌లోనే చేతినిండా పని ఉంది. ఒకే ప్రీఫామ్ మొదట్లో, చివర్లో ఒకే నష్టం రావడం, కోటింగ్ సరిగ్గా పట్టక వచ్చే మైక్రోబెండింగ్‌ను (పోగులోని అతి చిన్న వంపులను) ఆపడం లాంటివి.

ఉద్యోగం చూసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. 'ఫైబర్ కంపెనీ' అని బోర్డు ఉన్న ప్రతిచోటా ప్రీఫామ్ తయారవదు. కొందరు ప్రీఫామ్ కొని లాగుతారు, మరికొందరు ఫైబర్ కూడా కొనేసి కేబుల్ మాత్రమే చుడతారు. మీరు కోరుకునే పని ఎక్కువగా ప్రీఫామ్ దగ్గర, డ్రాయింగ్ టవర్ దగ్గర ఉంటుంది. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న మీరే అడగండి, మొహమాటపడొద్దు. కొలిమి ఆగకూడదు కాబట్టి షిఫ్టులు ఉంటాయి, క్లోరిన్‌తో పని కాబట్టి భద్రతా నియమాలూ గట్టిగానే ఉంటాయి.

చదువులో హీట్ ట్రాన్స్‌ఫర్, మాస్ ట్రాన్స్‌ఫర్, ప్రాసెస్ కంట్రోల్ మీద పట్టు పెంచుకోండి. గాజు శాస్త్రం, కొంత ఆప్టిక్స్, గణాంకాలు విడిగా నేర్చుకోవాలి. చివరి ఏడాది ప్రాజెక్టుకు ఎలక్ట్రానిక్స్ విభాగం ల్యాబ్‌లో లైట్ సోర్స్, పవర్ మీటర్ అడిగి తీసుకోండి. పొడవాటి ఫైబర్ చివర వచ్చే వెలుగును కొలవండి. సోర్స్‌ను కదపకుండా, దాని నుంచి 2 మీటర్లు మాత్రమే ఉంచి ఫైబర్‌ను కోసి మళ్లీ కొలవండి. ఫ్యాక్టరీలు ప్రామాణికంగా నమ్మే కట్‌బ్యాక్ పద్ధతి ఇదే. తర్వాత అదే ఫైబర్‌ను వేర్వేరు వ్యాసాల కడ్డీలకు చుట్టి 1310, 1550 నానోమీటర్ల దగ్గర నష్టం ఎలా మారుతుందో పట్టిక వేయండి. రెసూమేలో ఆ పట్టిక ఉంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాని గురించే అడుగుతారు.