ఎడమకు తిరిగితే కుడి చక్రం ఎందుకు అరుస్తుంది?

ప్రశ్న: మా కారు 85,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా, రోడ్డు ఎడమకు వంపు తిరిగిన చోటల్లా ముందు భాగం నుంచి ఏదో రుబ్బుతున్నట్లు గరగరమనే శబ్దం వస్తోంది. కుడివైపు తిరిగేటప్పుడు దాదాపు వినిపించదు. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటాకే మొదలవుతుంది. మెకానిక్ ఎడమవైపు డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే కడ్డీ) మార్చారు కానీ శబ్దం పోలేదు. లోపం ఎక్కడ ఉండవచ్చు?

జవాబు: మీరు శబ్దాన్ని ఎంతో శ్రద్ధగా గమనించారు. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే ముందుగా అనుమానించవలసింది కుడివైపు ముందు చక్రం బేరింగును, అంటే చక్రం తేలికగా తిరిగేలా చేసే గుండ్ల వలయాన్ని. కారు ఎడమకు తిరిగినప్పుడు దాని బరువు కుడివైపుకు ఒరుగుతుంది. అరిగిపోయిన బేరింగు మీద ఆ అదనపు భారం పడగానే, గుంటలు పడిన దారిలో దొర్లుతున్న లోపలి గుండ్లు గట్టిగా చప్పుడు చేస్తాయి. కుడికి తిరిగినప్పుడు అదే బేరింగు మీద భారం తగ్గుతుంది కనుక శబ్దం సన్నగిల్లుతుంది. ఎడమకు తిప్పితే వస్తోంది కదా అని ఎడమ చక్రాన్నే విప్పడం చాలా తరచుగా జరిగే పొరపాటు.

డ్రైవ్ షాఫ్ట్ చివర ఉండే సీవీ జాయింట్ (చక్రం పక్కకు తిరిగినా శక్తిని అందించే కీలు) పాడైతే వచ్చే శబ్దం వేరుగా ఉంటుంది. స్టీరింగును బాగా తిప్పి, నెమ్మదిగా కదులుతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు అది టకటకమని లెక్కపెట్టగలిగేటట్లు కొట్టుకుంటుంది. దాని రబ్బరు తొడుగు (బూటు) చిరిగి, చక్రం లోపలి వైపంతా గ్రీజు చిమ్మి ఉండటం ఇంకో గుర్తు. మీ వర్ణనలో ఈ రెండూ లేవు. అందువల్ల ఆ మార్పిడి అవసరం లేకుండానే జరిగిందని నా అభిప్రాయం.

అయినా నా మాట మీద కొత్త బేరింగు కొనకండి, ముందు నిర్ధారించుకోండి. వాహనాలు లేని తిన్నని రోడ్డు మీద, శబ్దం వినిపించే వేగంలో బ్రేకు పెడల్‌ను తేలికగా తాకి చూడండి. శబ్దం వెంటనే మారితే బ్రేకుల వైపు చూడాలి. ప్యాడ్ అరిగిపోయి దాని ఇనుప పలక డిస్కును గీరుతూ ఉండవచ్చు, లేదా డిస్కు వెనక ఉండే పలుచని రేకు వంగి తగులుతూ ఉండవచ్చు. ఆ రేకుకూ డిస్కుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కున్నా చెవులు గింగురుమనేంత చప్పుడు వస్తుంది, రాయి తీసి, రేకును స్క్రూడ్రైవర్‌తో కాస్త వెనక్కు వంచితే పని పూర్తవుతుంది. టైరు ఎగుడుదిగుడుగా అరిగినా గుయ్‌మంటుంది కానీ, అది రోడ్డు గరుకుదనాన్ని బట్టి మారినంతగా మలుపును బట్టి మారదు.

తరువాత కారును చదును నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో ముందు భాగం లేపి స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీనే నమ్ముకుని చక్రం దగ్గర చేతులు పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇంజిన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక చేతి వేళ్లను సస్పెన్షన్ స్ప్రింగు మీద తేలికగా ఆనించి, రెండో చేత్తో చక్రాన్ని తిప్పండి. బేరింగు బాగుంటే స్ప్రింగులో ఏమీ తెలియదు. పాడైతే ఇసుకలో దేన్నో తిప్పుతున్నట్లు సన్నని గరుకుదనం ఆ వేళ్లకు స్పష్టంగా అందుతుంది. చెవికి దొరకని లోపం కూడా ఇలా చేతికి దొరుకుతుంది. ఎడమ చక్రానికీ ఇదే పరీక్ష చేసి రెండింటినీ పోల్చండి. ఆ పైన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. వదులుగా ఆడుతూ, మరొకరు బ్రేకు తొక్కి పట్టగానే ఆ ఆట ఆగిపోతే, వదులు బేరింగులోనే ఉన్నట్లు. ఆడనంత మాత్రాన బేరింగు బాగున్నట్లు కాదు, చాలా బేరింగులు వదులు కాకముందే అరుస్తాయి.

నిర్ధారణ అయ్యాక ఆలస్యం చేయకండి, దూర ప్రయాణాలు మానుకోండి. బాగా ముదిరితే చక్రమే ఊగిపోతుంది. కొన్ని కార్లలో బేరింగు హబ్‌తో (చక్రాన్ని బిగించే భాగంతో) కలిసి బోల్టులతో బిగించే ఒకే భాగంగా వస్తుంది. మిగిలినవాటిలో దాన్ని ప్రెస్ యంత్రంతో ఎక్కించాలి. సుత్తితో కొట్టి ఎక్కించిన కొత్త బేరింగు కొద్ది రోజులకే మళ్లీ అరవడం మొదలుపెడుతుంది, ఎందుకంటే ఆ దెబ్బలు గుండ్ల మీదుగా వెళ్లి వాటి దారిలో గుంటలు పెడతాయి. నకిల్‌లోకి (బేరింగు కూర్చునే సస్పెన్షన్ భాగంలోకి) నొక్కేటప్పుడు ఒత్తిడి బయటి వలయం మీదే పడాలి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) కోసం అయస్కాంతపు పొర ఉన్న రకమైతే ఆ ముఖం సెన్సార్ వైపే ఉండాలి. షాఫ్ట్ నట్టు కొత్తది వేసి, తయారీదారు చెప్పిన బిగింపుకు టార్క్ రెంచీతో (బిగింపు ఎంతో చూపే పానాతో) బిగించాలి. ఆ నట్టు వదులుగా ఉండగా చక్రం మీద కారు బరువు మోపకూడదు.

ప్రశ్న: నా కారు ఆగి ఉన్నప్పుడు స్టీరింగును చివరంటా తిప్పితే మూలుగుతోంది. ఇది కూడా బేరింగేనా?

జవాబు: చక్రం దొర్లకుండానే వస్తోంది కనుక చక్రం బేరింగు కాదు. మీది హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) పవర్ స్టీరింగ్ అయితే ముందు ద్రవం మట్టం చూడండి. మట్టం తగ్గి ఉంటే గొట్టాల అతుకుల వద్ద చెమ్మ కోసం వెతకండి, నురుగు కనిపిస్తే గాలి చేరినట్లు. మాన్యువల్‌లో చెప్పిన రకం ద్రవమే పోయండి, స్టీరింగును చివరి వరకు తిప్పి అలాగే పట్టి ఉంచకండి. ఎలక్ట్రిక్ స్టీరింగ్ అయితే బానెట్ తెరిచి, ఒకరు స్టీరింగు తిప్పుతుండగా స్ట్రట్ (ముందు చక్రం పైన ఉండే సస్పెన్షన్ స్తంభం) పై భాగం మీద అరచేయి ఆనించండి. చేతికి కుదుపులు తగిలితే అక్కడి మౌంట్ బేరింగు మార్చవలసి ఉంటుంది.