తిన్న వెంటనే కక్కేసే పిల్లలు: మా పాప విషయంలో తేలింది ఇదీ

మీ బాబుకి ఏడాదిన్నర, అన్నం తిన్న కాసేపటికే కక్కేస్తున్నాడు, మళ్లీ ఏమీ ఎరగనట్టు ఆడుకుంటున్నాడు అన్నారు. ఆ వయసులో మా పాప కూడా అచ్చం ఇంతే. ఇంట్లో దిష్టి తీశారు, వాము నీళ్లన్నారు. పిల్లల డాక్టరు మాత్రం ముందు బరువు తూచారు. వయసుకు తగ్గట్టు పెరుగుతోందని చూశాక, "కక్కడానికి ముందు గంటలో ఏం జరిగిందో రాసుకురండి" అన్నారు, అంతే.

రాస్తుంటే తెలిసింది. పప్పన్నమా ఇడ్లీయా అన్నది కాదు సంగతి. పాప పెదాలు బిగించి తల తిప్పేశాక కూడా, ఫోన్లో పాటలు పెట్టి ఇంకో నాలుగు ముద్దలు కుక్కిన పూటే కక్కేది. పైగా అన్నానికి ముందు గ్లాసుడు పాలు! ఆ వయసుకి పూటకి ముప్పావు కప్పు నుంచి కప్పు (250 మి.లీ. కప్పు) తింటే చాలు. పాలు రోజంతా కలిపి అర లీటరు దాటనివ్వకుండా, భోజనానికి దూరంగా జరిపాం. తల తిప్పితే కంచం తీసేయడమే. మా అత్తగారిని ఒప్పించడం మాత్రం పాపని ఒప్పించడం కంటే కష్టమైంది.

దగ్గుతో కక్కుతున్నాడా, విరేచనం గట్టిగా, రోజులు తప్పి అవుతోందా అన్నదీ చూడండి. మలబద్ధకం వల్ల కూడా పిల్లలు కక్కుతారు. చాలామందికి ఇది తట్టదు.

కక్కగానే మళ్లీ అన్నం పెట్టకండి. కాసేపు ఆగి ఓఆర్‌ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లంటే అన్నీ పోయాలి. తియ్యటి డబ్బా జ్యూసులు దానికి బదులు కావు. ఇంట్లో మిగిలిన వాంతుల సిరప్ సొంతంగా వేయొద్దు.

వాంతిలో ఆకుపచ్చ పసరు, రక్తం, పొట్ట ఉబ్బడం, ఆరేడు గంటలుగా ఉచ్చ పోయకపోవడం, మగతగా పడి ఉండటం, తలకి దెబ్బ తగిలాక వాంతులు, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లిపోండి. బరువు తగ్గుతున్నా, నిద్ర లేవగానే రోజూ కక్కుతున్నా డాక్టరుకి చూపించడం వాయిదా వేయకండి.

ఒక్కటి చెప్పండి, రాత్రి పాలసీసా ఇంకా ఇస్తున్నారా? కక్కడం ఎక్కువగా పొద్దున టిఫిన్ దగ్గరే అయితే ముందు దాని సంగతి చూడండి.