చైనా సీరియళ్ళు, వాటి నవలలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో చైనా చారిత్రక ప్రేమకథల సీరియళ్ళ గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌లలో ఎక్కువమంది అడిగింది ఒకటే: సీరియల్ నచ్చి నవల వెతుక్కుని ఇంగ్లీషులో చదివితే కథ వేరేగా ఉంది, ఎందుకని? కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు చెప్తున్నాను. ముగింపులు కూడా మాట్లాడుకుంటాం, కాబట్టి మీరు ఇంకా చూడని సీరియల్ పేరు కనబడితే ఆ ప్రశ్న వదిలేసి కిందికి పోండి.

అక్కా, నేనూ మా జేజీ కలిసి ‘ద స్టోరీ ఆఫ్ మింగ్లాన్’ మొత్తం చూశాం. నేను సబ్‌టైటిల్స్ చదివి చెప్తుంటే జేజి వినేది. ఇప్పుడు నవల మొదలుపెడితే ఎవరో ఈ కాలం అమ్మాయి, కోర్టులో ఉద్యోగం అని ఉంది. నేను తప్పు పుస్తకం పట్టుకున్నానా?
– పాఠకురాలు, ప్రొద్దుటూరు

సరైన పుస్తకమే పాపా, చదువు. నవలలో ఆ అమ్మాయి అసలు పేరు యావో యీయీ. కోర్టులో గుమాస్తా. కొండచరియలు విరిగిపడి చనిపోతుంది, కళ్ళు తెరిచేసరికి ఎప్పటిదో ఒక రాజ్యంలో, ఒక అధికారి ఇంట్లో, అప్పుడే తల్లిని పోగొట్టుకున్న చిన్నపిల్ల మింగ్లాన్ ఒంట్లో ఉంటుంది. చైనాలో ఇంటర్నెట్‌లో వచ్చే ప్రేమ నవలల్లో ఇదొక పెద్ద రకం. ప్రాణం పాతకాలంలోకి పోయి ఇంకొకరి ఒంట్లో చేరడం, లేదంటే చనిపోయి తన జీవితంలోకే మళ్ళీ వెనక్కి రావడం. పాఠకులకు అది ఎంత అలవాటంటే, రచయితలు దానికి పెద్దగా కారణం కూడా చెప్పరు.

టీవీకి వచ్చేసరికి మాత్రం అదే ఇబ్బంది. 2011లో చైనా ప్రసారాల నియంత్రణ శాఖ ఈ టైం ట్రావెల్ సీరియళ్ళు చరిత్రను తేలిక చేస్తున్నాయని గట్టిగా విమర్శించింది, ఆ తర్వాత నిర్మాతలు జాగ్రత్తపడ్డారు. కొందరు దొడ్డిదారి వెతుక్కున్నారు. 2019లో వచ్చిన ‘జాయ్ ఆఫ్ లైఫ్’లో, ఇదంతా ఒక కాలేజీ కుర్రాడు రాస్తున్న కథ అని మొదట్లోనే చెప్పేసి పని కానిచ్చారు. మింగ్లాన్ వాళ్ళు ఆ ముక్కే పూర్తిగా తీసేసి, ఊహా రాజ్యం బదులు కథను నిజంగా ఉన్న ఉత్తర సాంగ్ రాజవంశం కాలంలో పెట్టారు.

దానివల్ల పోయిందేమిటి? నవలలో సగం ఆనందం ఆ అమ్మాయి మనసులో అనుకునే మాటల్లోనే ఉంది. పైకి తల వంచుకుని వినయంగా కూర్చుంటుంది, లోపల మాత్రం కోర్టులో విడాకుల కేసులు, ఆస్తి పంపకాలు చూసినదానిలాగా ఆ ఇంటిని లెక్కలు వేస్తుంటుంది. పెద్దింటి అబ్బాయి చీ హెంగ్ తనని ఇష్టపడుతున్నాడని తెలిసినా, ఈ పెళ్ళి జరిగేది కాదని ముందే తేల్చుకుని మనసు దగ్గరికి రానీయదు. సీరియల్‌లో ఆ లెక్కలు వేసే మనిషి లేదు. అందుకని అక్కడి మింగ్లాన్ చీ హెంగ్‌ని నిజంగానే ప్రేమిస్తుంది, నిజంగానే దెబ్బ తింటుంది.

మరి అంత చిన్నపిల్లకు అన్ని తెలివితేటలు ఎక్కడివి? సీరియల్ దీనికి వేరే కారణం కట్టింది, నాకు చాలా నచ్చింది కూడా అదే. తల్లి కాన్పులో చనిపోవడం ఆ పిల్ల కళ్ళముందే జరుగుతుంది, దాని వెనక ఎవరున్నారో తెలుసు, తెలిసినట్టు బయటపడితే తనకే ప్రమాదమని కూడా తెలుసు. అందుకే ఉన్న తెలివిని దాచుకుని, నానమ్మ చాటున పెరుగుతుంది. నవలలో లేని ఈ బాధ వల్ల ఆ నానమ్మ, మనవరాలి బంధం ఎంత బలపడిందో మీ జేజిని అడిగితే ఆమే చెప్తుంది. కాబట్టి ఇక్కడ మార్పు వల్ల నష్టం ఉంది, దానికి తగిన లాభమూ ఉంది.

2024లో వచ్చిన ‘ద డబుల్’ కూడా చూడు. నవలలో భర్త వల్ల చనిపోయిన షుయె ఫాంగ్‌ఫేయ్ ప్రాణం జ్యాంగ్ లీ అనే అమ్మాయి ఒంట్లో మేలుకుంటుంది, అంటే ముఖం కూడా వేరే. సీరియల్‌లో ఆమె అసలు చావదు, బతికుండగానే పూడ్చిపెడితే మట్టిలోంచి బయటికి వచ్చి, తనను కాపాడి తర్వాత చనిపోయిన జ్యాంగ్ లీ పేరు పెట్టుకుని రాజధానికి పోతుంది. అదే ముఖంతో! పూడ్చిన భర్త ఎదురుగా నిలబడుతుంది. ఆ సన్నివేశాల టెన్షన్ నవలలో రానే రాదు, ఎందుకంటే అక్కడ గుర్తుపట్టే భయమే లేదు. సెన్సారు కోసం చేసిన మార్పు కథకు ఇంత మేలు చేయడం నేను ఎక్కువ చూడలేదు.

మేడమ్, ‘స్కార్లెట్ హార్ట్’ ముగింపులో ఆమె ఈ కాలంలోకి తిరిగొస్తుంది కదా. నవల చదివిన నా రూమ్మేట్ అట్లాంటిదేమీ లేదంటుంది. ఏది నిజం?
– డిగ్రీ విద్యార్థిని, నంద్యాల

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. తోంగ్ హువా నవల 2005లో ఇంటర్నెట్‌లో భాగాలుగా మొదలైంది, దాని సీరియల్ 2011లో హునాన్ టీవీలో 35 ఎపిసోడ్లుగా వచ్చింది. ఈ కాలం నుంచి రాకుమారుల కాలానికి పోయిన నాయిక రువోషీ, నవలలో అక్కడే, ఆ కాలంలోనే చనిపోతుంది. కథ ఆమెతో ఆగకుండా రాకుమారుల్లో ఒక్కొక్కరికీ ఏమైందో చెప్తూ పోతుంది, అదీ చాలావరకు చరిత్రలో జరిగిందే. ఎనిమిదో రాకుమారుణ్ణి 1726లో వంశం నుంచే వెలివేసి పేరు కూడా మార్పించారు, తర్వాత బందీగా చనిపోయాడు. అందరి గతీ ముందే తెలిసి కూడా ఒక్కరినీ కాపాడలేకపోవడమే ఆ నవలలోని ఏడుపు.

సీరియల్‌లో ఆమె ఈ కాలంలో మేలుకుని, పుస్తకాల్లో తన పేరు కోసం వెతుకుతుంది, ఎక్కడా ఉండదు. మ్యూజియంలో ఒక పాత బొమ్మలో తనే కనబడుతుంది. పక్కన అచ్చం తను ప్రేమించిన నాలుగో రాకుమారుడి ముఖంతో ఒక మనిషి, అతనికి ఈమె ఎవరో తెలియదు, చూసి వెళ్ళిపోతాడు. నన్ను అడిగితే ఈ ఒక్క విషయంలో సీరియల్ నవలను మించిపోయింది. నవలలో ఏడ్చే మనుషులు చాలామంది ఉన్నారు, ఇక్కడ ఏడవడానికి ఆమె ఒక్కతే మిగిలింది, ఏడుస్తున్నది దేనికో చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు. మీ రూమ్మేట్‌ని చివరి ఎపిసోడ్ ఒక్కటన్నా చూడమనండి.

‘స్టోరీ ఆఫ్ యాన్షీ ప్యాలెస్’ అసలు నవల ఎక్కడ దొరుకుతుంది?
– పాఠకురాలు, గుంతకల్లు

2018లో వచ్చిన ఆ సీరియల్‌కు అసలు నవల లేదమ్మా. అది నేరుగా టీవీకే రాసిన కథ. మార్కెట్లో కనబడే నవల సీరియల్‌ని బట్టి రాసింది. దానికోసం డబ్బులు పెట్టకండి.

అక్కా, ‘గుడ్‌బై మై ప్రిన్సెస్’ ముందు చూడాలా, ముందు చదవాలా? నాకు రెండూ దొరికినాయి.
– తాడిపత్రి నుంచి

ముందు చదువు. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

ఫెయ్ వో స్సి ట్సున్ రాసిన ఈ నవల మొత్తం షియావ్‌ఫెంగ్ నోటితోనే నడుస్తుంది. మొదలయ్యేసరికే ఆమె యువరాణి. భర్తతో రోజూ గొడవలు, తోడుగా ఉండే అమ్మాయితో మగవేషం వేసుకుని బజారుకు పారిపోవడాలు, అల్లరి. చదువుతుంటే తేలిగ్గా, నవ్వుగా ఉంటుంది, మధ్యమధ్య ఎక్కడో ఒక చిన్న అనుమానం తగులుతుంది. కథ చాలా దూరం పోయాక గానీ తెలియదు, ఆమె ఒకప్పుడు జరిగిందంతా మర్చిపోయిందని, తన తాతను, తన వాళ్ళను చంపించింది ఈ భర్తేనని, ఒకప్పుడు తను ప్రేమించిందీ ఇతన్నేనని. ఆమెకు గుర్తొచ్చిన క్షణంలోనే మనకూ తెలుస్తుంది, అప్పుడు వెనక్కి తిప్పి ముందు నవ్విన పేజీలన్నీ మళ్ళీ చదవాలనిపిస్తుంది, చదవలేం.

2019 సీరియల్ ఇదంతా వరసలో పెట్టేసింది. మొదట ఎడారి, వ్యాపారి వేషంలో వచ్చిన రాకుమారుడు, ప్రేమ, మోసం, చావులు, ఇద్దరూ నదిలో దూకి మర్చిపోవడం, ఆ తర్వాతే రాజభవనం. కెమెరా ముందు ఆ ఎడారి భాగం చాలా అందంగా ఉంటుంది, నటులు కూడా బాగా చేశారు, కాదనను. కానీ మనకు ముందే అన్నీ తెలుసు కాబట్టి భవనంలో ఆమె నవ్వినప్పుడల్లా మనం జాలిపడతాం, ఆమెతో పాటు మనం నవ్వలేం. ఎవరికి ఏది ఎప్పుడు తెలిసింది అన్నదే మారిపోతే, సంఘటన ఒక్కటీ మార్చకపోయినా అది వేరే కథే అవుతుంది.

తాంగ్ చీ నవల నుంచి 2017లో తీసిన ‘ఎటర్నల్ లవ్’లో కూడా ఇదే పని చేశారు. నవలలో ముందు సుసు కథ చెప్పేసి, తర్వాత అదంతా మర్చిపోయిన బాయ్ చియెన్ (సుసు అసలు రూపం ఆమే) చేతికి కథ ఇస్తారు, మనకు తెలిసింది చెప్పే మనిషికి తెలియదు. సీరియల్ మాత్రం ఆమె మగపిల్లాడి వేషంలో గురువు దగ్గర చేరడంతో మొదలై వరసగా పోతుంది. 58 ఎపిసోడ్లు లాగాలంటే వరసే సులువని వాళ్ళు అనుకుని ఉండొచ్చు.

నేను హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. ఇంట్లో ‘ఎంప్రెసెస్ ఇన్ ద ప్యాలెస్’ చూస్తుంటే నేనూ కూర్చుండిపోయాను. నవలలో చక్రవర్తి పేరే వేరట గదా? ఇందులో చరిత్ర ఎంత?
– పాఠకుడు, ఆదోని

మాస్టారూ, మీ ప్రశ్న నాకు చాలా ఇష్టమైంది. ల్యూ ల్యెన్‌జీ నవలలో రాజ్యం, చక్రవర్తి, అన్నీ కల్పితం. దర్శకుడు జెంగ్ షియావ్‌లోంగ్ దాన్ని తీసుకుపోయి 1722 నుంచి 1735 దాకా పాలించిన యుంగ్‌జెంగ్ చక్రవర్తి అంతఃపురంలో పెట్టాడు. రచయిత్రి కూడా స్క్రిప్టులో పాలు పంచుకుంది. దానితో నవలలో మురోంగ్ వంశపు హువా రాణి సీరియల్‌లో న్యెన్ వంశపు ఆడపడుచైంది, అన్న న్యెన్ గెంగ్‌యావ్ నిజంగా ఉన్న సేనాధిపతి అయ్యాడు. ఒక ఆడదానికి భర్త దగ్గర ఎంత చనువు ఉన్నా అది అన్న గెలిచే యుద్ధాల మీద ఆధారపడి ఉందన్న సంగతి, ఈ మార్పుతో చాలా స్పష్టంగా కనబడింది. ఇది మంచి నిర్ణయం.

అయితే పిల్లలకు పాఠంగా మాత్రం చెప్పకండి. నిజంలో న్యెన్ రాణి 1725 చివర్లో జబ్బుతో పోయింది, ఆ తర్వాత కొద్ది వారాలకు, 1726 జనవరిలో, అన్నతో ఆత్మహత్య చేయించారు. సీరియల్‌లో వరస తిరగబడింది: ముందు అన్న, ఆ తర్వాత ఆమె గోడకు తల కొట్టుకుని చావడం. సీరియల్ నాయిక జెన్ హువాన్‌కు ఆధారమైన న్యూహురు రాణి చక్రవర్తి గద్దెనెక్కాక అంతఃపురానికి అమ్మాయిల ఎంపికలో వచ్చిన మనిషి కాదు, అతను రాకుమారుడిగా ఉన్నప్పుడే, 1704లో, ఇంట్లోకి వచ్చింది. తర్వాత చక్రవర్తి అయిన చ్యెన్‌లుంగ్ ఆమె పెంచుకున్నవాడు కాదు, కన్నకొడుకే. 1777 దాకా బతికింది. ఇక అందరూ కన్నీళ్ళు పెట్టుకునే పదిహేడో రాకుమారుడు విషం తాగలేదు, అన్న అయిన చక్రవర్తి పోయాక రెండున్నరేళ్ళకు, 1738లో పోయాడు. జెన్ హువాన్ ప్రేమ మొత్తం ఈ మనిషి చుట్టూ ఉంది కాబట్టి, కథలో గుండెకాయ లాంటి భాగమే చరిత్రకు బొత్తిగా సంబంధం లేని భాగం.

ముందు డెబ్బై ఎపిసోడ్లు ఉండేవి. తర్వాత వచ్చినవి నలభైకే ముగించేశారు, చివర్లో పరుగులు. ఎందుకక్కా?
– పాఠకురాలు, కడప

2020 ఫిబ్రవరిలో అక్కడి నియంత్రణ శాఖ నలభై దాటొద్దని, వీలైతే ముప్ఫై లోపలే ముగించమని చెప్పింది. అంతకు ముందు మింగ్లాన్ 73, ‘ఎంప్రెసెస్ ఇన్ ద ప్యాలెస్’ 76. నవలలేమో ఇంటర్నెట్‌లో రోజుకో అధ్యాయంగా, పాఠకులు చదివినకొద్దీ డబ్బు కడుతుంటే సాగేవి, కాబట్టి వందల అధ్యాయాలు. వాటిని నలభైలో కుదించేటప్పుడు మొదట పోయేవి పనిమనుషుల కథలు, అత్తమామల కథలు, వంటింటి గొడవలు. ప్రేమజంట మాత్రం మిగులుతుంది. డెబ్బై ఎపిసోడ్లంటే సాగదీత ఎక్కువే, అయినా ఆ ఇల్లంతా మనకు తెలిసేది. నాకు పాతవే ఇష్టం.

మేడమ్, ‘నిర్వాణా ఇన్ ఫైర్’ నవలలో నీహువాంగ్ వేరే అతన్ని ప్రేమిస్తుందని ఎవరో చెప్పారు. నాకు రెండు రోజులుగా మనసు బాగాలేదు. అబద్ధమని చెప్పండి.
– పాఠకురాలు, కర్నూలు

అబద్ధమని చెప్పలేనమ్మా. నవలలో కథానాయకుడు లిన్ షూతో ఆమె పెళ్ళి పెద్దవాళ్ళు మాట్లాడి పెట్టింది, అతను చనిపోయాడనుకున్న ఇన్నేళ్ళలో ఆమె న్యె దుయో అనే మనిషిని ప్రేమించింది. అదీ లిన్ షూ మనిషే. సీరియల్‌లో మాత్రం ఆ మూడో మనిషిని తీసేసి, ఆమె ఇన్నాళ్ళూ అతని కోసమే ఉందన్నట్టు మార్చారు. ఇదేదో టీవీ వాళ్ళు రచయిత్రికి చెప్పకుండా చేసిన పని కాదు, 2015 సీరియల్ స్క్రిప్టు రాసింది కూడా నవల రాసిన హై యానే.

మీకు బాధగా ఉంటుందని తెలుసు, అయినా నవలలో నీహువాంగ్ నాకు ఎక్కువ నచ్చింది. పదేళ్ళకు పైగా సైన్యాన్ని నడిపిన మనిషి, చిన్నప్పటి మాట ఒక్కటే పట్టుకుని ఆగిపోకుండా తన జీవితం తను బతికింది. లిన్ షూ కూడా ఆ సంగతి తెలిసి ఆమె మీద నిష్ఠూరం పెట్టుకోడు, ఆమె సంతోషంగా ఉండాలనే కోరుకుంటాడు. సీరియల్‌లో ఆ ఇద్దరూ వచ్చే జన్మకు మాట ఇచ్చుకునే సన్నివేశం చాలా గొప్పగా ఉంది, నిజమే, అది కావాలంటే ఈ మార్పు తప్పదు. మీరు నవల చదవాలనుకుంటే ఆ జంట కోసం చదవకండి, రాజసభలో మెయ్ చాంగ్‌సు (మారుపేరుతో తిరిగొచ్చిన లిన్ షూయే) వేసే ఎత్తుల కోసం చదవండి. అవి సీరియల్‌లో కన్నా పుస్తకంలోనే నిదానంగా అర్థమవుతాయి.