పెళ్లిళ్లతో పెరిగిన రాజ్యం

ప్రశ్న: హాబ్స్‌బర్గ్ వంశం పెళ్లిళ్లతోనే యూరప్‌ను ఏలిందంటారు, నిజమేనా? కొడుకులు లేని గణపతిదేవుడు రుద్రమదేవికి పట్టం కట్టినట్టు వారిలోనూ జరిగిందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చాలావరకు నిజమే కానీ, తొలి అడుగు మాత్రం యుద్ధంతోనే పడింది. నేటి స్విట్జర్లాండ్‌లోని ఒక చిన్న కోట పేరే ఇంటిపేరైన ఈ వంశం నుంచి రుడాల్ఫ్ 1273లో జర్మనీ రాజుగా ఎన్నికయ్యాడు. అప్పటికి ఓరుగల్లును రుద్రమదేవి పాలిస్తోంది. 1278లో బొహీమియా (నేటి చెక్ దేశం) రాజును యుద్ధంలో ఓడించి, ఆస్ట్రియాను అతడు తన కొడుకులకు కట్టబెట్టాడు.

ఆ తర్వాతదే పెళ్లిళ్ల కథ. 1477లో ఈ వంశపు మాక్సిమిలియన్, నేటి ఫ్రాన్స్, నెదర్లాండ్స్ మధ్య విస్తరించిన బర్గండీ సంస్థాన వారసురాలు మేరీని పెళ్లాడడంతో నెదర్లాండ్స్ ప్రాంతాలూ, వారి కొడుకు ఫిలిప్ స్పెయిన్ రాకుమారి హువానాను చేసుకోవడంతో తరువాతి తరానికి స్పెయిన్, దాని అమెరికా వలసలూ ఆ ఇంటికి చేరాయి. వారి ఏలుబడి మన గడపదాకా వచ్చింది కూడా: 1580లో ఈ వంశపు స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ పోర్చుగల్‌కూ రాజు కావడంతో 1640 వరకు గోవా వారి కిందే ఉంది.

అయితే స్పెయిన్ శాఖను ముంచినవీ ఆ పెళ్లిళ్లే. ఆస్తి బయటికి పోకూడదని మేనరికాలు కలుపుకునే ఇళ్లు మనకు తెలియనివి కావు; అక్కడ అదే పద్ధతి తరతరాలుగా సాగింది. స్పెయిన్ రాజు రెండో చార్లెస్ తల్లి అతడి తండ్రికి స్వయానా మేనకోడలు. కింది దవడ ముందుకు పొడుచుకురావడంతో అతడికి అన్నం నమలడమే కష్టమయ్యేది. రెండు పెళ్లిళ్లయినా సంతానం కలగలేదు. 1700లో అతడు మరణించగానే వారసత్వం కోసం యూరప్ పదేళ్లకు పైగా యుద్ధంలో మునిగింది.

ఇక మీ రెండో ప్రశ్న నాకెంతో ఇష్టమైనది. ఆస్ట్రియా శాఖకు చెందిన ఆరో చార్లెస్ చక్రవర్తి కూతుళ్లకూ వారసత్వం దక్కేలా 1713లో శాసనం చేసి, ఇతర రాజుల సమ్మతి కోసం ఏళ్ల తరబడి శ్రమించాడు. అయినా 1740లో అతడు కన్నుమూసిన రెండు నెలలకే ఉత్తర జర్మనీలోని ప్రష్యా రాజు, ఆమె వారసత్వ భూమి సైలీషియా (నేటి పోలండ్‌లో ఎక్కువ భాగం)పై దండెత్తాడు. ఇరవై మూడేళ్ల కూతురు మరియా థెరిసా బెదరలేదు. 1741లో ప్రెస్‌బర్గ్‌లో (నేటి బ్రాటిస్లావా) హంగరీ పట్టాభిషేకం నాడు, అక్కడి ఆచారం ప్రకారం గుర్రమెక్కి మట్టిదిబ్బ మీదికి దౌడు తీసి, నాలుగు దిక్కులకూ కత్తి చూపింది. అక్కడి ప్రభువులు ఆమెను రాణి అని కాక 'రాజు' అనే కీర్తించారు. మన శాసనాల్లో రుద్రమదేవి 'రుద్రదేవ మహారాజు'గా కనిపించడం ఇక్కడ గుర్తుకు రాక మానదు. సైలీషియా తిరిగి దక్కలేదు కానీ, నలభై ఏళ్లు పాలించిన ఆమె 1774లో మగపిల్లలతో పాటు ఆడపిల్లలకూ బడిని తప్పనిసరి చేసింది.